షేప్ మెమరీ పాలిమర్: మీ పనికి ఏ మోడల్ సరిపోతుంది?

షేప్ మెమరీ పాలిమర్ అంటే, వేడిచేసి ఆకృతి మార్చి చల్లారిస్తే ఆ కొత్త ఆకృతిలోనే నిలిచి, మళ్లీ వేడిచేస్తే పాత ఆకృతికి వచ్చే ప్లాస్టిక్. దాని మీద సిమ్యులేషన్ మొదలుపెట్టేవాళ్లు ముందు పేపర్లు తిరగేస్తారు. పది పేపర్లు చదివేసరికి పది మోడళ్లు (పదార్థం ప్రవర్తనని లెక్కగట్టే సమీకరణాలు), ఒక్కోదాంట్లో బోలెడు పారామీటర్లు కనిపిస్తాయి. ఏది పట్టుకోవాలో తేలక, చాలామంది చివరికి ఎవరి దగ్గరైనా రెడీగా ఉన్న కోడ్‌ని తీసుకుంటారు. ఆ ఎంపిక సగం పని అయ్యాక ఇబ్బంది పెడుతుంది. పారామీటర్లన్నీ సరిపెట్టాక, మన ప్రశ్నకు ఆ మోడల్‌లో జవాబే లేదని అప్పుడు తెలుస్తుంది.

అందుకని నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీ పాలిమర్ అమార్ఫస్ (స్ఫటికాలు లేని) రకమైతే, అంటే గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత (టీజీ) దగ్గర మెత్తబడే ఎపాక్సీ, అక్రిలేట్ లాంటిదైతే, ఎక్కువ బ్రాంచ్‌లున్న విస్కోఎలాస్టిక్ (కొంత స్ప్రింగులా, కొంత చిక్కని ద్రవంలా నడిచే) మోడల్‌తో మొదలుపెట్టండి. స్ఫటికాలు కరిగి పనిచేసే రకమైతే ఫేజ్ మార్పు మోడల్ వైపు వెళ్లండి. ఈ రెండూ దాటి బరువైన మోడళ్లకు పోవాల్సిన సందర్భాలు కొన్నే. అవి ఏవో కింద చెబుతాను.

ముందు ఒక పట్టీని దగ్గరగా చూద్దాం. ఒక మిల్లీమీటర్ మందం ఉన్న ఎపాక్సీ పట్టీ, టీజీ 67 డిగ్రీల సెల్సియస్ అనుకోండి. 87 డిగ్రీలకు వేడిచేస్తే అది రబ్బరులా ఉంటుంది, మాడ్యులస్ (గట్టిదనం కొలత) సుమారు 5 మెగాపాస్కల్. 20 శాతం సాగదీస్తే 1 మెగాపాస్కల్ స్ట్రెస్ (వైశాల్యం మీద పడే బలం) వస్తుంది. అలాగే పట్టుకుని 27 డిగ్రీలకు చల్లారిస్తే గాజులా బిగుసుకుంటుంది, మాడ్యులస్ 2 గిగాపాస్కల్ దాకా పోతుంది. ఇప్పుడు వదిలేయండి. ఆ 1 మెగాపాస్కల్ కారణంగా వెనక్కి వచ్చేది 0.05 శాతం స్ట్రెయిన్ (సాగిన పాలు) మాత్రమే. అంటే 20లో 19.95 నిలిచినట్టు. మళ్లీ వేడిచేస్తే, క్రాస్‌లింకులు (గొలుసుల మధ్య రసాయన ముడులు) సరిగా ఉన్న పాలిమర్ దాదాపు పూర్తిగా పాత పొడవుకు వస్తుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆకృతి ఎంత నిలిచింది, చివరికి ఎంత వెనక్కి వచ్చింది అనే రెండు సంఖ్యలనూ ఏ మోడలైనా ఇస్తుంది. మొదటిది దాదాపుగా రెండు మాడ్యులస్‌ల నిష్పత్తి మీదే ఆధారపడుతుంది, రెండోది క్రాస్‌లింకుల పుణ్యం. కాబట్టి ఈ రెండూ కుదిరాయని చూపించే పేపర్‌ని చూసి మోడల్ ఎంచుకోకండి. మోడళ్ల మధ్య తేడా తెలిసేది మధ్యలో: ఏ ఉష్ణోగ్రత దగ్గర విప్పుకోవడం మొదలవుతుంది, ఎంతసేపు పడుతుంది, కదలనివ్వకుండా పట్టుకుంటే ఎంత బలంతో లాగుతుంది, నెలల తరబడి మడిచి ఉంచితే ఏమవుతుంది. మీకు వీటిలో ఏది కావాలో కాగితం మీద రాసుకుని అప్పుడు ముందుకు వెళ్లండి.

గడ్డకట్టిన భాగం, కదిలే భాగం

2006లో లియు, గాల్, డన్, గ్రీన్‌బర్గ్, దియాని ఒక ఎపాక్సీ మీద చేసిన పనితో, పదార్థాన్ని రెండు ఫేజ్‌లుగా చూసే మోడళ్లకు బాగా పేరొచ్చింది. ఆలోచన చాలా సులువు. పదార్థంలో ఒక భాగం గడ్డకట్టి ఉంటుంది, మిగతాది కదులుతూ ఉంటుంది. చల్లారేకొద్దీ గడ్డకట్టిన భాగం సున్నా నుంచి ఒకటికి పెరుగుతుంది. ఏ క్షణంలో ఏ ముక్క గడ్డకట్టిందో, అప్పటి స్ట్రెయిన్ అందులో దాక్కుంటుంది. వేడిచేస్తే అదే తిరిగి బయటికి వస్తుంది. 2008లో చెన్, లాగౌదాస్ దీన్నే పెద్ద స్ట్రెయిన్‌లకు విస్తరించారు.

దీని గొప్పతనం పొదుపు. పారామీటర్లు కొద్దిగానే ఉంటాయి, లెక్క చేత్తో కూడా చేయొచ్చు. ఈ పాలిమర్ల మీద కొత్తగా పనిచేసేవాళ్లకు నేను మొదట చదవమనేది ఈ మోడల్‌నే, ఎందుకంటే స్ట్రెయిన్ ఎక్కడ దాక్కుంటుందో కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది.

లోపం కూడా అక్కడే ఉంది. గడ్డకట్టిన భాగాన్ని ఉష్ణోగ్రతకు మాత్రమే ముడిపెట్టారు. టైమ్ అనేది ఆ సమీకరణంలోనే లేదు. పట్టీని టీజీకి కొంచెం కింద అయిదు నిమిషాలు ఉంచినా, రాత్రంతా ఉంచినా ఈ మోడల్ ఒకే జవాబు చెబుతుంది. నేను ఒకసారి నెమ్మదిగా వేడిచేసిన టెస్ట్ డేటాతో, గడ్డకట్టిన భాగం ఉష్ణోగ్రతతో మారే వక్రరేఖని సరిపెట్టి, అదే పారామీటర్లతో వేగంగా వేడిచేసినప్పటి ప్రవర్తన లెక్కగట్టాను. మోడల్‌లో పట్టీ ముందు విప్పుకున్న ఉష్ణోగ్రత దగ్గరే మళ్లీ విప్పుకుంది. టెస్ట్ బాత్‌లో ఉన్న అసలు పట్టీ మాత్రం ఇంకా మడిచే ఉంది. కోడ్‌లో తప్పుందేమోనని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. తప్పు కోడ్‌లో లేదు, నేను మోడల్‌ని అడిగిన ప్రశ్నలో ఉంది.

ఇంకో మాట. ఈ మోడల్‌లో గడ్డకట్టిన భాగం వక్రరేఖని సాధారణంగా స్వేచ్ఛగా విప్పుకునే టెస్ట్ నుంచే తీస్తారు. కాబట్టి ఆ టెస్ట్‌తో బాగా కలిసిందని చూపిస్తే అందులో రుజువేమీ లేదు. బిగించి పట్టుకున్నప్పటి స్ట్రెస్‌ని అంచనా వేయగలిగిందా అని చూడండి. 2006 పనికి విలువ వచ్చింది అలాంటి పోలికల వల్లే.

విస్కోఎలాస్టిక్ దారి

ఇక్కడ ఫేజ్‌లు లేవు. పాలిమర్ గొలుసులు వేడిగా ఉన్నప్పుడు చకచకా సర్దుకుంటాయి, చల్లారితే ఆ సర్దుబాటు ఎన్నో రెట్లు నెమ్మదిస్తుంది. ఆకృతి గుర్తుండటమంటే సర్దుకోవడానికి టైమ్ దొరక్కపోవడమే. 1997లో తొబుషి బృందం పాలీయురేథేన్ కోసం నాలుగు మూలకాల మోడల్ ఇచ్చింది. ఒక్క రిలాక్సేషన్ టైమ్‌తో (సర్దుకోవడానికి పట్టే టైమ్) నడిచే అలాంటి మోడళ్లు పాఠం చెప్పడానికి బాగుంటాయి, డిజైన్‌కి సరిపోవు. ఇప్పుడు వాడాల్సింది జనరలైజ్డ్ మాక్స్‌వెల్ మోడల్: ఒక రబ్బరు స్ప్రింగు, దాని పక్కన రకరకాల టైమ్‌లతో పది నుంచి ఇరవై బ్రాంచ్‌లు (ఒక్కోటీ ఒక స్ప్రింగు, దానికి వరుసలో నూనెలో కదిలే పిస్టన్ లాంటి డ్యాష్‌పాట్), అన్నిటినీ ఉష్ణోగ్రతతో కలిపి జరిపే ఒక షిఫ్ట్ ఫ్యాక్టర్.

నేను దీన్నే ముందు పెట్టడానికి పెద్ద కారణం డేటా. దాదాపు అంతా ఒక్క డీఎంఏ పరీక్షలోనే (శాంపిల్‌ని లయగా ఊపుతూ గట్టిదనం కొలిచేది) దొరుకుతుంది. అయిదేసి డిగ్రీలకు ఒకసారి ఫ్రీక్వెన్సీ స్వీప్ చేసి, వచ్చిన ముక్కలన్నిటినీ జరిపి ఒకే మాస్టర్ కర్వ్‌గా అతికిస్తే బ్రాంచ్‌లు, షిఫ్ట్ ఫ్యాక్టర్ రెండూ వస్తాయి. షేప్ మెమరీ టెస్ట్ నుంచి ఒక్క సంఖ్య కూడా అరువు తెచ్చుకోరు. అంటే మోడల్ ఇచ్చేది నిజమైన అంచనా. 2012లో దియాని, జిలోర్మినీ తదితరులు మామూలు లీనియర్ విస్కోఎలాస్టిక్ కొలతల నుంచే క్రాస్‌లింక్డ్ పాలిమర్ షేప్ మెమరీని అంచనా వేయొచ్చని చూపించారు. 2014లో యూ, గె, చీ ఇంకో మెట్టెక్కి, ప్రోగ్రామింగ్ (తాత్కాలిక ఆకృతిని ఇవ్వడం) ఎలా చేసినా, ఏ ఉష్ణోగ్రతలో విప్పినా, రెడ్యూస్డ్ టైమ్ (ఉష్ణోగ్రత ప్రభావాన్నీ కలుపుకుని లెక్కించే టైమ్) అనే ఒక్క కొలతతో అన్నిటినీ పోల్చొచ్చని చూపించారు. నేను చదివిన వాటిలో డిజైన్ చేసేవాళ్లకు ఎక్కువ పనికొచ్చిన ఆలోచన ఇదే.

ఇక టైమ్ ఎంత ముఖ్యమో లెక్కతోనే చూడండి. ఉష్ణోగ్రత మారితే సర్దుకునే టైమ్ ఎన్ని రెట్లు మారుతుందో చెప్పే డబ్ల్యూఎల్‌ఎఫ్ సూత్రంలో అందరికీ తెలిసిన 17.44, 51.6 అనే స్థిరాంకాలు తీసుకుందాం. టీజీ దగ్గర ఒక నిమిషం పట్టే విప్పుకోవడం, 10 డిగ్రీలు పైన సెకనులో పదో వంతు కూడా పట్టదు. 5 డిగ్రీలు కింద 74 నిమిషాలు. 10 డిగ్రీలు కింద దాదాపు 11 రోజులు. పది డిగ్రీల తేడాలో నిమిషం కాస్తా పదకొండు రోజులైంది. గోదాంలో, వాహనంలో, ఎండలో నిలవుండే వస్తువుని డిజైన్ చేసేవాళ్లు టైమ్ లేని మోడల్‌ని ఎందుకు నమ్మకూడదో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

అయితే ఈ దారిలో ఒక గుంట ఉంది, చాలామంది అందులో పడతారు. టీజీకి 20 డిగ్రీలు కింద అదే సూత్రం రెండు లక్షల సంవత్సరాలు అంటుంది. 27 డిగ్రీలకు దిగితే 1 పక్కన 60 సున్నాలు పెట్టినన్ని నిమిషాలు వస్తాయి, ఇంకో పన్నెండు డిగ్రీలు దిగితే అనంతమే. నిజానికి గాజు స్థితిలో ఈ సూత్రం చెల్లదు. టీజీకి కింద, ఉష్ణోగ్రతతో టైమ్ మారే వాలు చాలా తగ్గి, అర్హీనియస్ అనే ఇంకో సూత్రం తరహాలో నడుస్తుంది. టీజీ దగ్గరి వాలుతోనే అర్హీనియస్ వాడితే ఆ 20 డిగ్రీల కింద జవాబు 30 ఏళ్ల లోపే. రెండు లక్షల ఏళ్లెక్కడ, 30 ఏళ్లెక్కడ! కాబట్టి టీజీకి పైన డబ్ల్యూఎల్‌ఎఫ్, కింద అర్హీనియస్ పెట్టండి. సాఫ్ట్‌వేర్‌లో రెండూ కలిపే ఆప్షన్ లేకపోతే చిన్న యూజర్ సబ్‌రొటీన్ రాయండి, పది లైన్ల పని. స్థిరాంకాలు కూడా పుస్తకంలోవి కాకుండా మీ పాలిమర్‌వి వాడండి. నేను పుస్తకంలోవి వాడింది లెక్క చూపించడానికే.

టీజీ అనేది కూడా ఒక్క సంఖ్య కాదు. పై స్థిరాంకాల ప్రకారం టీజీ దగ్గర వేగం పది రెట్లు మారితే టీజీ సుమారు 3 డిగ్రీలు జరుగుతుంది. డీఎంఏలో 1 హెర్ట్జ్ దగ్గర చూసిన టీజీకీ, డీఎస్‌సీలో (శాంపిల్ పీల్చే వేడిని కొలిచే పరీక్ష) చూసిన దానికీ తేడా వస్తే కంగారు పడకండి. రిఫరెన్స్ ఉష్ణోగ్రత ఏదో ఒకటి ఎంచుకుని, చివరిదాకా దానికే కట్టుబడి ఉండండి. పాలీయురేథేన్ అయితే ఇంకో జాగ్రత్త: తేమ పీల్చుకుంటే టీజీ దిగిపోతుంది. వస్తువు ఎలాంటి వాతావరణంలో ఉండబోతోందో శాంపిల్‌ని అక్కడే ఉంచి కొలవండి.

బ్రాంచ్‌ల విషయంలో పొదుపు వద్దు. డికేడ్‌కి, అంటే టైమ్ పది రెట్లు మారే ప్రతి మెట్టుకీ, కనీసం ఒకటి ఉండాలి. మూడు నాలుగింటితో సరిపెడితే విప్పుకునే వక్రరేఖ మెట్లు మెట్లుగా వస్తుంది. ఆ మెట్లు పదార్థంలోవి కావు.

బరువైన మోడళ్లు ఎప్పుడు కావాలి?

రెండు సందర్భాల్లో. మొదటిది, టీజీకి కిందే గట్టిగా వంచో, సాగదీసో ప్రోగ్రామ్ చేస్తున్నప్పుడు. అక్కడ గాజులాంటి పాలిమర్ యీల్డ్ అవుతుంది (ఒక దశలో లొంగిపోయి సాగడం మొదలవుతుంది), స్ట్రెస్ ఒక శిఖరానికి ఎక్కి దిగుతుంది. లీనియర్ బ్రాంచ్‌లకు యీల్డ్ అంటే ఏమిటో తెలియదు, అవి చూపించే స్ట్రెస్ అసలు స్ట్రెస్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది. రెండోది, శాంపిల్‌ని గాజు స్థితిలో చాలాకాలం ఉంచి వాడుతున్నప్పుడు. ఆ నిలవలో పదార్థం లోలోపల సర్దుకుంటూ, గట్టిపడుతూ ఉంటుంది. దాన్ని ఫిజికల్ ఏజింగ్ అంటారు.

2008లో న్గుయెన్, చీ, కాస్ట్రో, లాంగ్ ఇచ్చిన మోడల్ ఈ రెండిటినీ కలుపుకుని వెళ్తుంది. అందులో ఫిక్టివ్ టెంపరేచర్ అనే లోపలి వేరియబుల్ ఉంటుంది. పదార్థం నిర్మాణం ఏ ఉష్ణోగ్రత దగ్గర ఆగిపోయిందో అది చెబుతుంది. పైన చెప్పిన డబ్ల్యూఎల్‌ఎఫ్ గుంటకి అసలైన మందు కూడా ఇదే, ఎందుకంటే టీజీకి కింద వాలు ఎందుకు తగ్గుతుందో దీనిలోంచే వస్తుంది. 2010లో శ్రీవాస్తవ, చెస్టర్, ఆనంద్ ఇచ్చిన మోడల్ పెద్ద స్ట్రెయిన్‌లు, యీల్డ్, ఉష్ణం అన్నీ కలిపి 3డీ ఆకృతుల మీద ప్రయోగాలతో పోల్చి చూపించింది.

ధర పారామీటర్లలో చెల్లించాలి. వేర్వేరు వేగాల్లో, వేర్వేరు ఉష్ణోగ్రతల్లో పెద్ద స్ట్రెయిన్ టెస్టుల కట్టే కావాలి. ఆ టెస్టులు లేకుండా పేపర్‌లోని విలువలు తెచ్చి మీ పాలిమర్‌కి అంటగడితే, చక్కని రంగుల చిత్రం వస్తుంది, నమ్మదగ్గ సంఖ్య రాదు. మీరు ఎప్పుడూ టీజీకి పైనే మడిచి, వారాల్లోపే వాడేస్తుంటే ఈ బరువు మోయకండి.

స్ఫటికాలున్న రకం

వైర్ల మీద వేసే హీట్ ష్రింక్ ట్యూబ్ మన అందరికీ తెలిసిన ఉదాహరణ, అందులో సాధారణంగా ఉండేది క్రాస్‌లింక్డ్ పాలీఇథిలీన్. పాలీకాప్రోలాక్టోన్ ఇంకొకటి, 60 డిగ్రీల చుట్టుపక్కల కరుగుతుంది. వీటిలో ఆకృతిని పట్టి ఉంచేది స్ఫటికాలు. అవి కరిగే ఉష్ణోగ్రత వేరు, చల్లారేటప్పుడు మళ్లీ కట్టే ఉష్ణోగ్రత వేరు, రెండోది చాలా కింద ఉంటుంది. టైమ్-టెంపరేచర్ షిఫ్ట్‌తో ఈ తేడాని పట్టుకోవాలని చూడటం వృథా శ్రమ. ఇక్కడ ఫేజ్‌లు కల్పన కాదు, నిజంగా ఉన్నాయి. కాబట్టి ఫేజ్ మోడలే సహజం. బారోట్, రావు 2006లో మొదలుపెట్టిన దారిలో కొత్తగా పుట్టే ప్రతి స్ఫటికానికీ, అది పుట్టిన క్షణంలోని ఆకృతే స్ట్రెస్ లేని ఆకృతి అవుతుంది. పాలీసైక్లోఆక్టీన్ లాంటివి బరువు వేలాడదీసి చల్లారిస్తే ఇంకా సాగుతాయి, స్ఫటికాలు లాగిన దిక్కున కట్టడం వల్ల. మీ శాంపిల్ అలా సాగుతుంటే విస్కోఎలాస్టిక్ మోడల్ పక్కన పెట్టేయండి.

బలం కావాలంటే వ్యాకోచాన్ని మర్చిపోకండి

మన పట్టీ దగ్గరికే మళ్లీ వద్దాం. బిగించి పట్టుకుని 67 నుంచి 27కి చల్లార్చినప్పుడు అది కుదించుకోవాలని చూస్తుంది. గాజు స్థితిలో వ్యాకోచ గుణకం డిగ్రీకి లక్షలో 7 వంతులు అనుకుంటే, 40 డిగ్రీలకు 0.28 శాతం. దాన్ని 2 గిగాపాస్కల్‌తో గుణిస్తే 5.6 మెగాపాస్కల్. సాగదీసినందుకు వచ్చిన స్ట్రెస్ 1 మెగాపాస్కలే! ఇప్పుడు వదిలేసి, కొత్త పొడవు దగ్గర మళ్లీ బిగించి వేడిచేయండి. ముందు వ్యాకోచం వల్ల పట్టీ నొక్కుకుపోతుంది, దాదాపు అదే 5.6 మెగాపాస్కల్ కంప్రెషన్. సన్నగా ఉంటే బక్లింగ్ అయిపోతుంది, అంటే పక్కకి వంగిపోతుంది. టీజీ దాటాక మాత్రమే మీరు ఎదురుచూసిన 1 మెగాపాస్కల్ టెన్షన్ కనబడుతుంది. బలం కోసం షేప్ మెమరీ వాడేవాళ్లు, ఏ మోడల్ ఎంచుకున్నా, గాజు స్థితికి ఒకటి, రబ్బరు స్థితికి ఒకటి వ్యాకోచ గుణకాలు పెట్టి తీరాలి.

అబాకస్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఇక్కడే ఒక మాట. అది అడిగేది రిఫరెన్స్ ఉష్ణోగ్రత నుంచి మొత్తం సగటు గుణకం, ఆ ఉష్ణోగ్రత దగ్గరి వాలు కాదు. రబ్బరు స్థితిలో వాలు లక్షలో 18 అయితే, 27 రిఫరెన్స్‌గా 87 డిగ్రీల దగ్గర పెట్టాల్సింది సుమారు 10.7. నేరుగా 18 పెడితే వ్యాకోచం దాదాపు 70 శాతం ఎక్కువ వస్తుంది, సాఫ్ట్‌వేర్ ఏ హెచ్చరికా ఇవ్వదు.

స్ట్రెయిన్ చిన్నదా పెద్దదా అన్నది చూడగానే తెలియదు. ఆ ఒక మిల్లీమీటర్ పట్టీని 20 మిల్లీమీటర్ల కడ్డీకి చుట్టేస్తే ఆకృతి పూర్తిగా మారిపోయినట్టుంటుంది, కానీ లోపలి స్ట్రెయిన్ 5 శాతం లోపే. మడత పెట్టి తెరుచుకునే వాటిలో చాలాభాగం ఇంతే. చిన్న స్ట్రెయిన్ మోడలే చాలు, నాన్‌లీనియర్ జామెట్రీ (పెద్ద కదలికల్ని లెక్కలోకి తీసుకునే ఆప్షన్) ఆన్ చేస్తే సరి. స్టెంట్‌ని నొక్కి సన్నగా చేయడం, ట్యూబ్‌ని రెండింతలు సాగదీయడం లాంటివైతే రబ్బరు స్ప్రింగుని హైపర్ఎలాస్టిక్‌గా (పెద్ద సాగుడుకి సరిపోయే రబ్బరు సూత్రం) మార్చుకోండి. అబాకస్‌లో హైపర్ఎలాస్టిక్, ప్రోనీ సిరీస్ (బ్రాంచ్‌ల పట్టిక), షిఫ్ట్ ఫంక్షన్ మూడూ కలిసి పనిచేస్తాయి. ఆన్సిస్, కామ్‌సాల్‌లో ఫిక్టివ్ టెంపరేచర్‌ని లెక్కలోకి తీసుకునే టూల్-నారాయణస్వామి షిఫ్ట్ కూడా దొరుకుతుంది. నిలవ ఉంచే వస్తువులకు ముందు దాన్ని ప్రయత్నించి, అది చాలకపోతేనే సొంత కోడ్ మొదలుపెట్టండి.

మోడల్‌ని పరీక్షించేటప్పుడు వేడి లోపలికి చేరడానికి పట్టే టైమ్‌ని వేరుగా చూడండి. పాలిమర్లలో ఉష్ణ వ్యాప్తి సెకనుకి 0.1 చదరపు మిల్లీమీటర్ ప్రాంతంలో ఉంటుంది. ఒక మిల్లీమీటర్ పట్టీ మధ్యకి వేడి చేరడానికి వేడినీళ్లలో రెండు మూడు సెకన్లు, 6 మిల్లీమీటర్ల పలకకి ఒకటిన్నర నిమిషం. ఓవెన్ గాలిలో సన్న పట్టీకి కూడా అర నిమిషం పైనే. ఈ ఆలస్యాన్ని గొలుసుల రిలాక్సేషన్ అనుకుని బ్రాంచ్‌లని సవరిస్తే, ఆ పారామీటర్లు ఆ మందానికే పనికొస్తాయి. సన్న పట్టీతో, నీళ్లలో, రెండు వేగాల్లో వేడిచేసి చూడండి. ఒక టెస్ట్ టీజీకి 5 డిగ్రీలు కింద గంటసేపు ఉంచి చేయండి, దాన్ని సరిపెట్టడానికి వాడకండి. ఎంచుకున్న మోడల్ మీ పాలిమర్‌కి సరిపోతుందో లేదో ఆ ఒక్క టెస్ట్‌లో తేలిపోతుంది.